పొయ్యి గంప

కూతురు తొలికాన్పుకు పుట్టింటికి వస్తుందంటే ఏ తల్లయినా మంచానికి నులక బిగిస్తుంది, మెత్తబడిన పాత చీరలు ఉతికి మడతపెడుతుంది, పక్కింటావిడతో నాలుగు గొప్పలు చెప్పుకుంటుంది. ఉదయగిరిలో కరీంబీ మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడింది.

ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలం అది. అడగడానికి వచ్చింది ఆమె వియ్యపురాలు బీబమ్మ. ఆత్మకూరులో బస్సెక్కి, ఇక్కడ దిగి, ఎండలో నడిచి వచ్చింది. కొంగుతో చెమట తుడుచుకుంటూ, జైతూన్‌కు ఏడో నెల వచ్చింది, ఎప్పుడు పంపించమంటారు అని అడిగింది. జైతూన్‌బీ కరీంబీకి ఒక్కగానొక్క కూతురు. అయినా కరీంబీ నేలచూపులు చూసింది తప్ప లోపలికి రమ్మనలేదు. మంచినీళ్లు కావాలా అని కూడా అనలేదు. బీబమ్మ మెడ సాచి ఆమె భుజం మీదుగా ఇంట్లోకి చూసి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఒకటే మాట చెప్తుండా కరీంబీ. నీ ఇంట్లో పిల్లకు మంచం వేసే చోటు లేకపోతే మా ఇంట్లోనే కాన్పు చేసుకుంటాం. మాకేం బరువు కాదు. అయితే తొలికాన్పుకు పిలవని ఇంటికి ఆ పిల్ల ఇంక దేనికీ రాదు. దాని బిడ్డా రాదు."

అనేసి, వచ్చిన దారినే బస్టాండుకు వెళ్లిపోయింది. కరీంబీ గుమ్మంలోనే కూర్చుంది. ఏడుపు రావాలి కదా అని తనలో తాను వెతుక్కుంది. రాలేదు. కోపమైనా రావాలి కదా అనుకుంది. అదీ రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, ఆమెకు లోపలంతా అలా అయి అప్పటికి అయిదేళ్లు కావస్తోంది.

ఆ ఇంట్లో ఏముందో చెప్పడం కంటే ఏం లేదో చెప్పడం తేలిక. చోటు లేదు. నట్టింట్లో గోడల పొడుగునా నడుం ఎత్తు దాటి గోతాలు, వాటి మీద డాల్డా డబ్బాలు, మూతల్లేని మందు సీసాలు, తెగిన చెప్పులు, గొడుగు ఊచలు, పగిలిన లాంతరు గ్లాసులు, ఎవరిదో ఎద్దు మెడపట్టెడ. మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నడిచే దారి ఉంది. వంటింటికి ఆ దారి కూడా లేదు. కరీంబీ వంట వసారాలో మూడు రాళ్ల మీద, పడక ఆ వసారా గోడకు ఆనుకుని. రెండుసార్లు తేళ్లు కుట్టాయి. ఎవరికీ చెప్పలేదు.

కుండకైతే మూకుడుంది గాని ఊరి నోటికి లేదు. కరీంబీ ఎంగిలిచేత్తో కాకిని తోలదని ఊరు తేల్చేసింది. ఊరికి తేల్చడం వచ్చినంత బాగా చూడడం రాదు. పక్కింటి మస్తానమ్మ అడిగితే కరీంబీ శేరు బియ్యం కొలిచి పోసేది, తిరిగి అడిగేది కాదు. ఆ బియ్యం పోసిచ్చిన ఖాళీ డబ్బా కోసం మాత్రం మూడుసార్లు తిరిగేది. పిసినారి అయితే ఇది తలకిందులుగా ఉండాలి కదా అని ఒక్కరికీ తట్టలేదు.

ఇంకో వింత ఏమిటంటే, వస్తువును తీసి పారేయడంలో ఒకప్పుడు ఆ వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు. వాళ్లది కొయ్యగరిటెల ఇల్లు. భర్త అమానుల్లా దుర్గం కొండ నుంచి తెచ్చిన పచ్చికొయ్యను బాడిసెతో చెక్కితే, ఆకురాయి పెట్టి నున్నగా రుద్దడం కరీంబీ పని. రుద్దడం అయ్యాక గరిటెను వెలుతురుకు పట్టి, బొటనవేలితో గుంటలో ఒకసారి తడిమేది. ఆమె పక్కన మూడు గంపలుండేవి. ఏ దోషమూ లేనిది బజారు గంపలోకి, చిన్న గరుకున్నది మరమ్మతు గంపలోకి, నెర్రె కనబడినది పొయ్యి గంపలోకి. నెర్రెబారిన గరిటెను సగం ధరకు అమ్మకూడదు, పిల్లలకు ఆడుకోవడానికి కూడా ఇవ్వకూడదు, ఇంటి పొయ్యిలోనే పోవాలి. ఇది అమానుల్లా తండ్రి పెట్టిన కట్టుబాటు. చేసినవాడు నెర్రెను మర్చిపోయినా, తడిమి చూసినవాడు మర్చిపోడు, అందుకే ఏది పొయ్యిలోకో చూసినవాళ్లే తేల్చాలని ఆయన వాదన. కరీంబీ వేలు గరిటె మీద ఆగేది కాదు. మాట్లాడుతూనే, నవ్వుతూనే విసిరేసేది.

ఆ వేలు ఎప్పుడు ఆగడం మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. అమానుల్లా పోయాక అంటారు గాని, అంతకు ముందే పొయ్యి గంపలోంచి ఒకటీ అరా వెనక్కి తీసి దూలం సందులో దోపేది. ఆమె తల్లి కూడా దారం ముక్కలు మూటలు కట్టి పెట్టుకునే మనిషి. అమానుల్లా పోయిన డెబ్బై నాలుగు తర్వాత ఇక అడ్డు లేకుండా పోయింది. నెర్రెబారిన గరిటె చేతిలోకి రాగానే గుండె దడదడలాడేది. ఏమో, పనికొస్తుందేమో. పనికి రాకపోయినా, ఇది పోతే మళ్లీ రాదు. అలా దాన్ని పక్కన పెట్టగానే దడ తగ్గేది. ఆ తగ్గడం ఎంత సుఖంగా ఉండేదంటే, మర్నాడు వీధిలో పడున్న సీసా కూడా ఇంట్లోకి వచ్చేది. కొడుకు లాల్ బాషా కొన్నాళ్లు చూసి, సరుకు ఏరే పని ఆమె నుంచి తీసేసి తన భార్యకు ఇచ్చాడు. వేరే ఇల్లు కూడా చూసుకున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. గంపలు పోయాయి, పని పోయింది, సేకరించడం మిగిలింది.

లాల్ బాషా చెడ్డవాడు కాదు. తల్లికి గాలి సోకిందేమోనని భయపడ్డాడు. డెబ్బై ఎనిమిదిలో ఆమెను ఆత్మకూరు అవతలి దర్గాకు తీసుకువెళ్లి, తోడుగా ఒక పెద్దావిడను పెట్టి కొన్నాళ్లు ఉంచాడు. అక్కడ కరీంబీ బాగానే నిద్రపోయింది. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఆమెకు తెలియనిదల్లా, ఇంటి దగ్గర కొడుకు నలుగురు మనుషులను పెట్టి గోతాలు బయటికి లాగిస్తున్నాడని.

తిరిగి వచ్చిన పొద్దు వీధి తలుపులోంచి చూస్తే పెరటి గోడ కనిపించింది. గోడలకు సున్నం వేసి ఉంది. మొక్కు తీరిందని లాల్ బాషా వీధిలో పదిమందిని పిలిచి తియ్యన్నం వండించాడు. అప్పటికి జైతూన్‌కు పెళ్లి కాలేదు. తల్లికి పీట వేసి కూర్చోబెట్టి, నెయ్యి ఎక్కువ పోసి తనే వడ్డించింది. కరీంబీ రెండు ముద్దలు తిన్నాక చుట్టూ చూసి, ఇంత అన్నానికి కట్టెలు ఎక్కడివని అడిగింది.

"మనింట్లో కట్టెలకేం కొదవమ్మా," అని లాల్ బాషా నవ్వినాడు. "నెర్రెబారినవి పొయ్యిలోకే పోవాలని తాత చెప్పలా? అన్నీ అట్టాగే పంపించినాను. ఇంగా మిగిలినాయి."

పొయ్యిలోంచి ఒక గరిటె కాడ బయటికి పొడుచుకొచ్చి, చివర సన్నగా పొగలు కక్కుతోంది. ఇంటి కట్టుబాటే పాటించానని అతని ధీమా. గరిటెను పొయ్యి గంపలో వేసేది చూసిన వేలే గాని చెక్కిన చెయ్యి కాదని, ఆ కట్టుబాటులో అసలు సంగతి అదేనని అతనికి తోచలేదు. కరీంబీ పళ్లెంలో ఉన్నదంతా తినేసింది. చెయ్యి కడుక్కుంది. అందరూ బాగయిందన్నారు. వారం తిరక్కుండా ఆమె ఒకనాడు పొయ్యి మీది కుండను గుడ్డ లేకుండా వట్టి చేతుల్తో దించింది. చర్మం కమిలిన వాసన మస్తానమ్మకు తెలిసింది గాని కరీంబీకి తెలియలేదు. అది మొదలు తీపీ లేదు, చేదూ లేదు. కూతురి పెళ్లిలో కూడా ఆమె ఒక మూల పెట్టిన బిందెలా కూర్చుంది. కాలకుండా మిగిలిన గరిటెల గోతాలు మాత్రం తనే లోపలికి లాక్కుంది, ఇల్లు మళ్లీ నిండింది. ఈసారి వంటింటితో సహా నిండింది.

బీబమ్మ వచ్చి వెళ్లిన సంగతి మస్తానమ్మ ద్వారా రెబెకమ్మ చెవిన పడింది. రెబెకమ్మ గవర్నమెంటు నర్సు. ఇంటింటికీ తిరిగి కడుపుతో ఉన్నవాళ్లను చూసిపోయే మనిషి. నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే, కాకపోతే నోరు ముందు వస్తుంది. వచ్చీ రాగానే, ఇదంతా తీయించేద్దాం, నలుగురు కూలీలైతే ఒక్క పూట పని అంది. కరీంబీ ముఖంలో రంగు ఎలా దిగిపోయిందో చూసి నోరు మూసుకుంది. అది ఆమె జీవితంలో అరుదుగా చేసిన పని. తర్వాత మస్తానమ్మను అడిగి తియ్యన్నం కథ విన్నది. విన్నాక మర్నాడు మళ్లీ వచ్చింది.

"అక్కా, నిన్ను మోసం చేసి యాడికీ తీసకపోను," అంది. "నెలకోసారి ఆత్మకూరుకు నెల్లూరి నుంచి మనసు డాక్టరు వస్తాడు. ఆయన దగ్గరికి పోదాం. పిచ్చి డాక్టరని జనం అంటారు, అననీ. ఇల్లు తాళం వేసి తాళంచెవి నువ్వే కట్టుకో. రాకపోయినా నాకు కోపం లేదు."

తాళంచెవి మాట కరీంబీకి నచ్చింది. ఆమె ఎందుకు వెళ్లిందో ఆమెకే సరిగ్గా తెలియదు. బీబమ్మ అన్న మాట, దాని బిడ్డా రాదన్నది, ఏ నొప్పీ లేకుండానే లోపల అలా నిలబడి ఉంది. కదలడం లేదు.

డాక్టరు పేరు పెంచలనరసయ్య. బట్టతల, మెల్లగా మాట్లాడే మనిషి. ఎందుకు దాస్తున్నావని అడగలేదు. మొదట ఏం పని చేసేవాళ్లు అని అడిగాడు. కరీంబీ గరిటెలు రుద్దేదాన్ని అంది. ఎలా రుద్దుతారని అడిగాడు. మూడు గంపల సంగతి చెప్పేటప్పుడు ఆమె బొటనవేలు తనంతట తనే గాలిలో కదిలింది. డాక్టరు ఆ వేలును చూశాడు.

ఆయన చెప్పిందాంట్లో కరీంబీకి గుర్తున్నది కొంతే. ఇది పిసినారితనం కాదు, గాలీ కాదు, ఒక జబ్బు. అందరికీ పాత వస్తువు పారేసేటప్పుడు కొంచెం పీకుతుంది, ఈ జబ్బున్న వాళ్లకు ప్రాణం పోయినట్టు పీకుతుంది. అమ్మకు ఉంటే బిడ్డకూ రావచ్చు. ఆప్తులు పోయినప్పుడు ముదరవచ్చు. నిద్రకూ, మొద్దుబారిన మనసుకూ మాత్రలిచ్చాడు. అవి ఇల్లు ఖాళీ చేయవని కూడా చెప్పాడు.

"ఇంకొకరు తీసేస్తే తగ్గే జబ్బు కాదమ్మా ఇది, పెరుగుతుంది," అన్నాడు. "మీ ఇంట్లో సామాను మీరే ఏరాల. మళ్లీ మూడు గంపలు పెట్టుకోండి. చేతిలోకి తీసుకున్నప్పుడు గుండె దడ వస్తాది. రానీండి. పరిగెత్తకుండా కూర్చుంటే అదే దిగిపోతాది. ఇల్లంతా వద్దు. ఒక మంచం పట్టే చోటు చాలు."

రెబెకమ్మ వెంటనే, కాన్పుకు రెండు నెల్లే ఉండాది సార్, అంతలో అవుతుందా అని అడిగింది. ఆయన తెలియదన్నాడు. డాక్టరు తెలియదనడం రెబెకమ్మకు నచ్చలేదు గాని, కరీంబీకి ఆ మాట మీదే కొంచెం నమ్మకం కలిగింది.

మొదటి రోజు ఆమె ఒక డాల్డా డబ్బా ఒళ్లో పెట్టుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడేదాకా కూర్చుంది. దడ వచ్చింది. చెవుల్లో కూడా కొట్టుకుంది. కూర్చునే ఉంది. చివరికి డబ్బాను మరమ్మతు గంపలో పెట్టింది. డబ్బాకు మరమ్మతేమిటని రెబెకమ్మ అడగబోయి, నాలుక కరుచుకుంది. మర్నాడు రెండు సీసాలు బజారు గంపలోకి వెళ్లాయి. పాత సామాన్ల బండి ఓబయ్య వస్తే ఆమె చేత్తోనే ఇచ్చి, బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. వెనక్కి పిలవలేదు. అయితే ఆ సాయంత్రమే వీధిలో దొరికిన ఒక విరిగిన గొడుగు ఇంట్లోకి వచ్చింది. ఇలా ఉంటుంది ఈ పని. ఒక అడుగు ముందుకు వేసి, ముప్పాతిక అడుగు వెనక్కి జారడం.

ఒకరోజు లాల్ బాషా వచ్చి ఈ నత్తనడక చూసి ఓర్చుకోలేక ఒక గోతం ఎత్తి భుజాన వేసుకున్నాడు. కరీంబీ గుమ్మంలో కూర్చుని చూపు ఎక్కడో పెట్టుకుంది. గోతం దించినా లేవలేదు. ఆ తర్వాత చాలా రోజులు గంపల జోలికే పోలేదు. రెబెకమ్మ లాల్ బాషాను వీధిలో ఆపి కడిగేసింది. అతను తలవంచుకుని విని, అయితే నేనేం చెయ్యాలో చెప్పు అన్నాడు.

"గంపలు చాలకుండా ఉండాయి, ఇంకో నాలుగు కొనకరా," అంది రెబెకమ్మ. "అడక్కుండా ఏదీ తాకబాక. ఇంట్లోకి రావాలన్నా అడిగి రా."

అతను గంపలు తెచ్చాడు. వసారా కింద నిలబడి, అమ్మా రావచ్చునా అని అడిగాడు. తల్లిని అలా అడగాల్సి రావడం అతనికి అవమానంగానే ఉండి ఉంటుంది. అయినా అడిగాడు. కరీంబీ తల ఊపింది. మర్నాడు మళ్లీ గంపల ముందు కూర్చుంది.

తొమ్మిదో నెల వచ్చేసరికి కిటికీ దగ్గర నేల కనిపించింది. మంచం పట్టింది, మంచం పక్కన ఒక మనిషి కూర్చునే చోటు మిగిలింది, వంటింటికి దారి పడింది. మిగతా గుట్టలు అలాగే ఉన్నాయి. వాటి ముందు పాత చీర ఒకటి తెరగా కట్టారు. బజారు గంప చాలాసార్లు నిండి ఖాళీ అయింది. మరమ్మతు గంపలు అన్నీ నిండుగానే ఉన్నాయి. పొయ్యి గంపలో మాత్రం ఒక్క పుల్ల పడలేదు. నెర్రెబారిన గరిటెల గోతాల వైపు కరీంబీ వెళ్లేది కాదు. ఆ గంపను చూస్తే ముక్కులోకి తియ్యన్నం నాటి నెయ్యి వాసన వచ్చేది. ఆ సంగతి డాక్టరుకు చెబితే, దాన్ని అలాగే ఉండనీండి, తొందరేముంది అన్నాడు.

ఇక మిగిలింది కూతుర్ని పిలవడం. కరీంబీ తాళం వేసుకుని, ఒక్కతే బస్సెక్కి ఆత్మకూరు వెళ్లింది. బీబమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి, పిల్లను పంపించు వదినా, మంచం వేసినాను అంది. బీబమ్మ ఆమెను ఎగాదిగా చూసి, ముందు లోపలికి వచ్చి కూర్చోమంది.

జైతూన్‌ను బీబమ్మే దిగబెట్టింది. తెర పక్కకు లాగి వెనక ఏముందో చూసింది, ఊరుకునే మనిషి కాదు. చూసి మళ్లీ వేసింది. "ఇరుకే," అని, మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగింది. ఆ ఇంట్లో వియ్యపురాలు నీళ్లు తాగడం అదే మొదలు.

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి రిక్షాలో ఇంటికి తెచ్చారు. అందరూ బిడ్డను చూసి మురిసిపోతుంటే కరీంబీ కూడా చూసింది. ముక్కు అమానుల్లాది. ఆ సంగతి ఆమెకు తెలుస్తోంది, అంతే. సంతోషం రావాల్సిన చోట ఏమీ లేదు. దానికి ఆమె భయపడింది. ఆ భయం కూడా దూరం నుంచి వినబడే మాటలా ఉంది.

మర్నాడు బిడ్డకు నీళ్లు పొయ్యాలి. కట్టెలు తెస్తానన్న లాల్ బాషా ఇంకా రాలేదు. ఉన్న నాలుగు పుల్లలూ పొద్దుటి కాఫీకే అయిపోయాయి. మస్తానమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. బిడ్డ ఒంటికి నూనె రాసి ఉంది, ఏడుస్తోంది. జైతూన్ గోడ పట్టుకుంటూ లేచి చీర తెర తీసింది. చేతికి అందే దూరంలోనే గోతం ఉంది, మూతి తెరిచి, నిండా ఎండిన గరిటెలు. ఆమె చెయ్యి చాచింది. సగంలో ఆగిపోయింది. తియ్యన్నం నాడు వడ్డించిన చెయ్యే అది. వెనక్కి తీసుకుంది.

"అమ్మా," అంది. "ఇవి నువ్వు చూస్తావా?"

అంతే అడిగింది. కట్టెలు లేవనలేదు, బిడ్డ ఏడుస్తోందనలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

కరీంబీ గోతం దగ్గరికి వచ్చి కూర్చుంది. దడ మొదలైంది. బిడ్డ ఏడుపు ఒకవైపు, చెవుల్లో దడ ఒకవైపు. పరిగెత్తకుండా కూర్చుంది. పైనున్న గరిటె తీసి కిటికీ వెలుతురుకు పట్టి, బొటనవేలితో గుంటలో తడిమింది. నెర్రె వేలికి తగిలింది. చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంది. జైతూన్ తొందరపెట్టలేదు.

"ఇది పొయ్యిలోకి," అంది కరీంబీ.

గంపలో వేసింది. ఇంకోటి తీసింది. అదీ పొయ్యిలోకే. మూడోదాన్ని అటూ ఇటూ తిప్పి, గంపలో వేసి, మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకుంది. దాన్ని జైతూన్ చూడనట్టే ఊరుకుంది. ఆ తర్వాత మెల్లగా ఒక్కొక్కటే, ఒక బిందె నీళ్లకు సరిపోయేంత. అవి తనే వంటింట్లోకి మోసుకెళ్లి, తనే పొయ్యిలో పెట్టి, తనే అగ్గిపుల్ల గీసింది. ఎండిన కొయ్య, ఇట్టే అంటుకుంది. మంటలో గరిటెలు నల్లబడి వంకర్లు పోతుంటే ముఖం తిప్పుకోకుండా చూసింది. ఒళ్లోది ఒళ్లోనే ఉంది.

నీళ్లు కాగాయి. తొట్టిలో పోసి, బిడ్డను అందుకునే ముందు అలవాటుగా చెయ్యి ముంచింది. చురుక్కుమంది. అబ్బా అని చెయ్యి వెనక్కి లాగేసుకుంది. వేళ్లు ఎర్రబడ్డాయి. ఆ వేళ్లను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నొప్పి నిజంగానే ఉంది, ఉండేకొద్దీ మండుతోంది. కళ్లల్లోకి నీళ్లు తిరిగాయి, అవి ఆ మంటకేనో మరి దేనికో ఆమె తేల్చుకోలేదు.

"జైతూన్," అంది, "ఇంకో చెంబు చన్నీళ్లు తే. కాల్తుండాయి."